నీరు: లేదు

వంటింటి సింకు జల్లెడ తీసి చేత్తో శుభ్రం చేసే పని ఆ ఇంట్లో ఆమెది. ఎవరూ అప్పగించలేదు. పెళ్ళయిన వారానికి ఒకరోజు నీళ్ళు పోక సింకు నిండితే ఆమె చెయ్యి పెట్టింది, అంతే, ఆ రంధ్రం ఆమె పేరున రాసిపెట్టినట్టయింది. నానిన మెతుకులు, టీ పిప్పి, అత్తగారి తెల్లవెంట్రుకలు, స్నానాలగది దాకా వెళ్ళే ఓపిక లేక భర్త అక్కడే ఉమ్మిన పళ్ళపేస్టు నురుగు, అన్నీ కలిసి జిడ్డుగా, మెత్తగా వేళ్ళకు తగులుతాయి. పద్నాలుగేళ్ళుగా తీస్తోంది. చెయ్యి అలవాటు పడింది గాని కడుపు పడలేదు. ఆ ఉదయం కూడా ఊపిరి బిగబట్టి వేళ్ళు లోపలికి పెట్టి ఉండగా, వెనక టీకప్పుతో నిలబడ్డ భర్త అన్నాడు.

"అంత ముఖం దేనికి? నీకు ఇంట్లో పనేముంది, అన్నీ మిషన్లే చేస్తున్నాయి కదా."

అతను చెడ్డవాడని లోకం అనదు. ఆమె కూడా అనలేదు. మొన్న అతని ఆఫీసు స్నేహితుడు భార్యతో వచ్చినప్పుడు, "మా ఇంట్లో దుమ్మే పడదండీ, ఏం మహిమో గాని" అని గర్వంగా చెప్పాడు. ఆ స్నేహితుడి భార్య తల వంచుకుని నవ్వు దాచుకుంది. అతను అబద్ధం చెప్పి ఉంటే ఆమెకు కోపం వచ్చేది. అతను నమ్మి చెప్పాడు. ఆ నమ్మకాన్ని చూస్తేనే ఆమెకు రోత. దుమ్ము పడనే పడదని ఒక మనిషి పద్నాలుగేళ్ళు నమ్మాలంటే, రోజూ తన కళ్ళ ముందు వంగి లేచే ఒక నడుమును ఎంత శ్రద్ధగా చూడకుండా ఉండాలి?

ఆమె చెయ్యి కడుక్కుని, దేవుడి ముందు రెండు నిమిషాలు కళ్ళు మూసుకుంది. అందరూ బాగుండాలి అనుకోవడం చిన్నప్పటి నుంచి అలవాటు. ఆ 'అందరూ'లో తను ఉందో లేదో దేవుణ్ణి ఎప్పుడూ అడగలేదు. అడగడం మర్యాద కాదనుకుంది.

ఉద్యోగం టెలిఫోన్ కంపెనీలో. అక్కడ ఆమె చేసేది ఒక జంటను తయారు చెయ్యడం. ఊరిలో ఉన్న నెట్‌వర్కు మొత్తానికి, అంటే టవర్లకూ తీగలకూ బ్యాటరీలకూ ఎక్స్ఛేంజీలకూ, కంప్యూటర్లో అచ్చం అలాంటిదే మరొకటి ఉంటుంది. డిజిటల్ ట్విన్ అంటారు. ఆఫీసులో అందరూ 'జంట' అనే పిలుస్తారు. అసలుదాని మీద చెయ్యి వేసే ముందు జంట మీద వేసి చూస్తారు. ఈ తీగ తెగితే ఎవరి ఫోన్లు పోతాయి, ఈ మోటారు తీసేస్తే ఏమవుతుంది అని దాన్నే అడుగుతారు. ఆ జంటను రాయడానికి ఒక భాష ఉంది. మాట్లాడే భాష కాదు, వస్తువుల్ని వర్ణించే భాష. ముందు వస్తువు ఏ జాతిదో చెప్పాలి. తరువాత అది దేని మీద ఆధారపడి ఉందో చెప్పాలి. ఏ హద్దుల మధ్య ఉంటే క్షేమమో చెప్పాలి. ఎంత చిన్న స్క్రూ అయినా సరే, అది దేన్ని పట్టుకుని ఉందో రాయకుండా ఆ భాష ముందుకు కదలనివ్వదు. ఆమెకు ఆ భాష అంటే ఇష్టం. ఎవరి మీద ఎవరు ఆధారపడ్డారో దాచిపెట్టడానికి వీల్లేని భాష తనకు అదొక్కటే తెలుసు. కాని దానికి ఒక గుణం ఉంది. అందులో రాయనిది జంటలో ఉండదు, జంటలో లేనిది ఉన్నట్టు ఎవరూ ఒప్పుకోరు.

పాతపేట ఎక్స్ఛేంజిని వచ్చే ఒకటో తారీఖు నుంచి మనుషులు లేకుండా నడపాలని కంపెనీ తలపెట్టింది. ఇంజినీరు రోజూ రానక్కర్లేదు, కాపలా అక్కర్లేదు, ఊడ్చేవాళ్ళూ అక్కర్లేదు. జంటను అడిగితే, మనుషుల్ని తీసేసినా ఏమీ కాదని పచ్చగా చూపించింది. ఇక మిగిలింది ఒక కాగితం మీద ఆమె సంతకం. 'అసలును స్వయంగా తాకి చూశాను, జంటకూ దానికీ తేడా లేదు' అని. తాకి చూడటం వాళ్ళ పనిలో పాత కట్టుబాటు. జాబితాలో ఉన్న ప్రతి వస్తువు దగ్గరికీ వెళ్ళి, చేత్తో ముట్టుకుని, అప్పుడే టిక్కు పెట్టాలి. ఈమధ్య అందరూ కుర్చీలో కూర్చునే పెట్టేస్తున్నారు.

వాళ్ళ మేనేజరుకు ఆఫీసులో బొమ్మలసారు అని పేరు. నోటితో చెప్పగలిగిందాన్ని కూడా తెర మీద బొమ్మ వేసి చూపిస్తే గాని ఆయనకు తృప్తి ఉండదు. "అక్కడికెందుకమ్మా ఎండలో పడి, ఇక్కడే టిక్కు పెట్టెయ్" అన్నాడు ముందురోజు. ఆమె వెళతానంది. నిజం చెప్పాలంటే సగం నిజాయితీ, సగం బస్సు. వెళ్ళడానికి ఒక గంట, రావడానికి ఒక గంట, ఎవరూ 'అది ఎక్కడ పెట్టావు' అని అడగని రెండు గంటలు.

ఆమె చేరేసరికి ఎనిమిదయింది. ఇంజినీరు పదింటికి గాని రాడట. కాపలా మనిషి తాళం తీసి, నేల కింద ఉన్న కేబుల్ గదికి మెట్లు చూపించాడు. సగం మెట్లు దిగేసరికి వాసన కొట్టింది. కుళ్ళిన ఆకు, మురుగు, చచ్చిన ఎలుక కలిసిన వాసన. కింద చీలమండలు మునిగే నీళ్ళు. నల్లగా, పైన నూనె తెట్టు కట్టి ఉన్నాయి. ఆ నీళ్ళలో చెప్పుల్లేకుండా, చీర మోకాళ్ళ పైకి దోపుకుని, అరవయ్యేళ్ళ ఆవిడొకరు వంగి ప్లాస్టిక్ డబ్బాతో బకెట్టులోకి తోడుతోంది.

"అక్కడే ఆగమ్మా, చెప్పులు పాడైపోతాయి" అంది ఆవిడ తల ఎత్తకుండానే.

అందరూ నీళ్ళత్త అనేది ఈవిడనేనని ఆమెకు అప్పుడు తెలిసింది. ఫోన్లలో ఆ పేరు ఎన్నోసార్లు విన్నది. 'నీళ్ళత్త తాళం తీస్తుంది', 'నీళ్ళత్తనడుగు' అని. ఆవిణ్ణి అలా ఎందుకంటారని ఒక్కసారీ అనుమానం రాలేదు. తాగేనీళ్ళు పడుతుంది కాబోలు అనుకుంది.

"ఇవాళే వచ్చాయా ఈ నీళ్ళు?"

"ఇవాళేంటమ్మా. రోజూ వస్తాయి. గోడలోంచి ఊరతాయి. వానైతే మోకాలిదాకా."

"మోటారు ఉండాలి కదా?"

"కాలిపోయి మూడేళ్ళయింది. ఉన్నప్పుడూ సగం నీళ్ళు నేనే తోడేదాన్ని. కొత్తది కావాలని ఇంజినీరుగారు రాస్తే, అక్కడ నీళ్ళే లేవు, మోటారెందుకు అని మీ పెద్దాఫీసు నుంచి జవాబొచ్చిందంట. కంప్యూటరు చెప్పిందంట." ఆవిడ నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి నవ్వింది. "కంప్యూటరుకేం, చెప్తుంది. దాని కాళ్ళు తడుస్తాయా?"

ఏడింటికి వచ్చి తోడటం మొదలుపెడుతుంది. తొమ్మిదిన్నరకు చివరి బకెట్టు, ఆ తరువాత పొడిగుడ్డ. పదింటికి గోడ మీదున్న నీటిమట్టం పరికరం నీళ్ళు కొలిచి అంకె పంపిస్తుంది. బ్యాటరీ మీద నడిచేది కాబట్టి రోజుకు ఒక్కసారే. ఆ సమయానికి నేల ఆరిపోయి ఉండాలని ఇంజినీరు గట్టిగా చెప్పాడు. ఎరుపు చూపిస్తే పైవాళ్ళకు సంజాయిషీ రాసుకోవాల్సింది ఆయనే మరి. సెలవడిగితే, 'నువ్వు రాకపోతే నీళ్ళు రాకుండా ఉంటాయా' అన్నాడట. ఆవిడ కాలివేళ్ళ సందుల్లో చర్మం తెల్లగా నాని, పొరలు పొరలుగా లేచిపోయి ఉంది. ఆమె చూడలేక చూపు తిప్పుకుంది.

అప్పుడు గుర్తొచ్చింది. రెండేళ్ళ క్రితం పాతపేటను జంటలో రాసింది ఆమే. నీటిమట్టం దగ్గర మూడు నెలల రీడింగులు వరసగా సున్నాలు కనిపించాయి. ఇంత శుభ్రమైన గది మరొకటి లేదనుకుని, ఆ భాషలో ఒక్క ముక్క రాసింది. 'నీరు: లేదు'. క్లుప్తంగా, చక్కగా రాసిందని సమావేశంలో మెచ్చుకున్నారు కూడా. కొత్త మోటారు అక్కర్లేదని జంట చెప్పింది ఆ ఒక్క ముక్కను నమ్ముకునే. సున్నా ఎలా వస్తోందని ఆమె అడగలేదు. సున్నా అంటే ఏమీ లేకపోవడం అనుకుంది. ఎవరో ఒకరు ప్రతి ఉదయం నడుం విరిగేలా తయారు చేస్తున్న సున్నా అని తట్టలేదు.

దుమ్మే పడదండీ, ఏం మహిమో గాని.

ఇన్నాళ్ళూ భర్త నోట వింటే అసహ్యం కలిగిన మాటను తనే, నోరు పారేసుకోకుండా, జీతం తీసుకుని, మరో ఆడమనిషి మీద రాసింది. ఆవిడ వేళ్ళ సందుల పుళ్ళు తన చేతిరాత. గోడను ముట్టుకుంటే చల్లగా, జిగటగా తగిలింది. తాకి చూడమని పెద్దలు ఊరికే పెట్టలేదనుకుంది. జాబితాలో ఎక్కడా టిక్కు పెట్టకుండా, చెప్పులు మెట్టు మీద విడిచి దిగి, ఇంకో డబ్బా తీసుకుంది. నీళ్ళత్త వద్దనలేదు గాని, "అలా కాదమ్మా, అంచు వంచి పట్టుకో, లేకపోతే చెయ్యి లాగేస్తుంది" అని నేర్పింది.

మధ్యాహ్నం ఆఫీసుకొచ్చి మొదట చేసిన పని, ఆ ముక్క కొట్టేయడం. దాని స్థానంలో నీరు రోజూ ఊరుతుందని, నేల పొడిగా ఉండటం ఒక మనిషి పని మీద ఆధారపడి ఉందని, ఆ మనిషి రాకపోతే ఇంత ఎత్తు చేరుతుందని రాసింది. ఆ భాష ఏమీ అభ్యంతరం చెప్పలేదు. తప్పులు పట్టే ప్రోగ్రాము ఒప్పుకుంది. జంటలో పాతపేట పచ్చదనం పోయి ఎర్రబడింది. అంతా వివరంగా రాసి బొమ్మలసారుకు మెయిలు పెట్టింది.

బొమ్మలసారు తన గదికి పిలిచాడు. పక్కన ఇద్దరు కుర్రాళ్ళను కూర్చోబెట్టుకుని, వాళ్ళకు వినోదంగా ఉండేలా మాట్లాడాడు. "నీళ్ళత్తది ఏ జాతి అని రాశావమ్మా? తీగా, బ్యాటరీయా? రేపు ఆవిడకి దగ్గొస్తే దానికో అలారం పెడతావా?" కుర్రాళ్ళు నవ్వారు. ఆయన ఇంకాస్త ఉత్సాహపడి, ఇంట్లో కూడా మొగుడికి ఇలాగే గరిటె గరిటెకీ లెక్క చెబుతావా అన్నాడు. తరువాత గొంతు మెత్తగా చేసి, గురువారం కంపెనీలో వాటా కొనేవాళ్ళొస్తున్నారని, పాతపేటను చూపిస్తే ఈ పద్ధతి ఊరంతటికీ వస్తుందని, చిన్న చిన్నవి చూసీచూడనట్టు పోవాలని చెప్పాడు. "నువ్వు రాసింది తీసి శుభ్రం చేయించాను. పాతదే పెట్టాం. సంతకం గురువారం వాళ్ళ ముందే పెట్టు, బాగుంటుంది. ఆ రోజు టీ సంగతి కూడా నువ్వే చూడు, ఆడవాళ్ళ చెయ్యి పడితే ఆ కళే వేరు."

శుభ్రం చేయించాను అన్నాడు. ఆ మాటలోని పని పేరు కూడా ఆడవాళ్ళ దగ్గర నుంచి ఎత్తుకున్నదే అనుకుంది ఆమె. ఆయన అరచేతి తడి ముద్ర బల్ల అద్దం మీద మిగిలిపోయింది. దాన్ని తుడవాలని తన చెయ్యి తనకు తెలియకుండానే కదలడం చూసి, ఒళ్ళో కట్టేసినట్టు పెట్టుకుంది.

ఆయన పైవాళ్ళకూ రాసింది. సంబంధిత మేనేజరుతో మాట్లాడవలసిందిగా జవాబు వచ్చింది. గోడకు చెప్పుకున్నా కనీసం చెమ్మగా తగిలేది.

ఇంట్లో ఆ సాయంత్రం బట్టలు మడతపెడుతూ విషయం చెప్పింది. చెప్పకుండా ఉండాల్సింది. భర్త టీవీ మీద నుంచి కళ్ళు తీయకుండానే, సంతకమే కదా, పెట్టి పారెయ్, అదేమన్నా ఆస్తి పత్రమా అన్నాడు. కాసేపాగి, ఉద్యోగం పోతే రేపు ఇంట్లో కూర్చుని ఏం చేస్తావని కూడా అడిగాడు. ఆమె అప్పటికి పదకొండో చొక్కా మడతపెడుతోంది.

అత్తగారు మాత్రం విన్నది. మోకాళ్ళకు మందు రాసుకుంటూ, ఆ తుడిచే మనిషి సంగతి మొత్తం రెండోసారి చెప్పించుకుంది. ఏదో అర్థమైనట్టే ఉంది ముఖం. ఆమెకు ఒక్క క్షణం ఆశ కలిగింది.

"మేం చెయ్యలేదా ఏంటి?" అంది అత్తగారు చివరికి. "అత్తారింట్లో పదిమంది ఎంగిలి ఎత్తాను. ఒక్కరోజు పైకి చెప్పుకోలేదు. చెప్పుకుంటే ఇంకేం విలువే అమ్మాయ్?"

గర్వంతో అంది. ఆ గర్వమే ఆమెను అన్నిటికంటే ఎక్కువగా బాధించింది. అరిగిపోయిన ఆ మోకాళ్ళ మీద పెద్దావిడ కట్టుకున్న గుడి అది, మరొకటి లేదు. దాన్ని కూలగొట్టే హక్కు తనకుందా? తెలియలేదు. లేచి మందు సీసా మూత బిగించి ఇచ్చింది.

మర్నాడు సెలవు పెట్టి మళ్ళీ పాతపేట వెళ్ళింది. నీళ్ళత్త పని ముగించి మెట్ల మీద కూర్చుని కాళ్ళు ఆరబెట్టుకుంటోంది. ఒకటో తారీఖు నుంచి రావద్దన్న సంగతి ఆవిడకు ఎవరూ చెప్పలేదు. ఆమే చెప్పాల్సి వచ్చింది. ఆ 'నీరు: లేదు' అన్న ముక్క తనే రాశానని కూడా చెప్పింది. అది చెప్పడానికి బస్సులో గంటసేపు మాటలు కూర్చుకుంది గాని, తీరా నోటికొచ్చింది రెండు మాటలే.

నీళ్ళత్త చీర చెంగుతో కాలివేళ్ళ సందులు తుడుచుకుంది.

"నువ్వొక్కదానివేనా" అంది తరువాత. "పాతికేళ్ళుగా ఈ మెట్లు ఎంతమంది దిగారు. నీళ్ళు చూసి ముక్కు మూసుకున్నారే గాని, ఎవరైనా ఏమైనా రాశారా? నువ్వు తప్పు రాశావు, వాళ్ళు అసలు రాయలేదు. పోనీలే."

"గురువారం మీరు సెలవు పెట్టండమ్మా."

"సెలవా? నేను రాకపోతే నీళ్ళు ఊరుకుంటాయా?"

"ఊరుకోవు. ఊరుకోకూడదనే."

తీగలు మోకాలి పైనుంచి మొదలవుతాయి, ఒక్కరోజు నీళ్ళు అంతవరకూ రావు. వాన సూచన కూడా లేదు. ఆ పేటలో ఆసుపత్రి ఉంది, ఆ ఫోన్లతో జూదమాడే మనిషి కాదు ఆమె. ఆ ఎత్తు రెండుసార్లు కొలిచింది. ఆ సంగతీ చెప్పింది. ఒప్పుకోవాలని లేదని, మాట వస్తే సెలవు ఉత్తరం రాసిచ్చింది తనేనని చెప్పమని కూడా అంది.

"మాటేం వస్తుందిలే. ఎలాగూ పీకేస్తున్నారు, ఇంకా పీకడానికి ఏం మిగిలింది?" నీళ్ళత్త గోరుతో మెట్టు మీద మట్టి గీకుతూ ఆలోచించింది. "అయితే ఆ పూటంతా నేనేం చెయ్యాలి?"

"పడుకోండి."

"పడుకుంటే నడుం పట్టేస్తుంది తల్లీ. అలవాటు లేదు."

ఇద్దరూ నవ్వారు. ఆమె సెలవు ఉత్తరం రాసింది, నీళ్ళత్త మెల్లగా, అక్షరం అక్షరం కూడబలుక్కుని సంతకం చేసింది. ఇంజినీరు దాన్ని చదవకుండానే జేబులో పెట్టుకున్నాడని తరువాత ఫోన్లో చెప్పింది.

గురువారం ఉదయం ఆమె మామూలుగానే లేచింది. ఏదో ఒకటి మానేద్దామనుకుంది గాని చేతులు వాటంతటవే గిన్నెలు తోమాయి, పాలు కాచాయి, భర్త మేజోళ్ళ జతలు కలిపాయి. తన చేతుల మీద తనకే ఏవగింపు కలిగింది. దేవుడి ముందు నిలబడినప్పుడు ఎప్పటి మాట నోటికి రాలేదు. "నీ దగ్గరున్న పుస్తకంలో నన్నూ నీళ్ళత్తనూ రాశావా?" అని అడిగింది. జవాబు కోసం ఆగలేదు, బస్సుకు వేళయింది.

తొమ్మిదిన్నరకు సమావేశం గది నిండింది. కొనడానికి వచ్చినవాళ్ళు నలుగురు. వాళ్ళల్లో పెద్దాయన మాట తక్కువ మనిషిలా ఉన్నాడు, కళ్ళద్దాల పైనుంచి చూస్తున్నాడు. ఆమె టీ సంగతి చూడలేదు. కుర్రాళ్ళలో ఒకణ్ణి పిలిచి, కప్పులు ఎక్కడుంటాయో చూపించి వచ్చి కూర్చుంది. బొమ్మలసారు గుర్రుగా చూసి, వెంటనే నవ్వు తగిలించుకుని, బొమ్మ తరువాత బొమ్మ వేశాడు. పాతపేట ఎక్స్ఛేంజి తెర మీద పచ్చగా, పూజకు కడిగిన పళ్ళెంలా మెరిసిపోతోంది. మనుషులు లేని ఎక్స్ఛేంజి, ఇక్కడ పొరపాటుకు తావు లేదు, ఎందుకంటే పొరపాటు చేసే మనిషే ఉండడు అన్నాడు. సరిగ్గా పదింటికి అసలు రీడింగులు వచ్చి జంటలో కలుస్తాయని, ఆ అద్భుతం స్వయంగా చూడండని ఊరించాడు.

పదికి రెండు నిమిషాలుండగా కాగితం ఆమె ముందుకు జరిపాడు. "మా మోడలింగు మేడం. ప్రతి వస్తువూ తాకి చూశారు. సంతకం పెట్టమ్మా."

"పది కానివ్వండి సార్" అంది ఆమె.

నీళ్ళత్త మనసు మార్చుకుని వెళ్ళి ఉంటే? పాతికేళ్ళ అలవాటు ఒక్కపూట ఆగుతుందా? తన చేతులే ఈ ఉదయం ఆగలేదు.

పదయింది. తెర ఒక్కసారి కళ్ళు మూసి తెరిచినట్టయింది. పాతపేట ఎర్రబడింది. ముందు నేల కింద గది, దాని మీద ఆధారపడిన తీగలు, ఆ తీగల మీద ఆధారపడిన వీధులు, చివరికి ఆసుపత్రి గుర్తు చుట్టూ హెచ్చరిక గీత. పరికరం పక్కన అంకె వెలుగుతోంది. చీలమండల పైదాకా నీళ్ళు.

పెద్దాయన కళ్ళద్దాలు సవరించుకుని, "నీళ్ళు లేవని మీ కాగితాల్లో ఉందే" అన్నాడు.

బొమ్మలసారు పరికరం పాతదని, ఒక్క నిమిషంలో సర్దుకుంటుందని నవ్వాడు. ఆ నవ్వుతోనే ఆమె కుర్చీ మీదికి వంగాడు. సుగంధపు వక్కపొడి కింద దాగని పుల్లటి వాసన ఆమె ముఖానికి తగిలింది.

"ఎవరికో ఒకరికి ఫోన్ చేసి, వెంటనే ఆ నీళ్ళు తోడించు" అన్నాడు పళ్ళ సందుల్లోంచి.

ఆమె సంతకం లేని కాగితాన్ని బల్ల మీదుగా పెద్దాయన వైపు జరిపింది. తరువాత మేనేజరు వైపు తిరిగి, గదిలో చివరి కుర్చీకి కూడా వినబడేంత గొంతుతో అడిగింది.

"ఎవరికి చెయ్యమంటారు సార్? మన జంటలో అక్కడ ఎవరూ లేరు కదా."